తేగల గంపతో ఒక చుట్టు

రేపు మా అమ్మాయి స్కూల్లో పిల్లలంతా ఒక్కొక్కరే నిలబడి తల్లిదండ్రుల ముందు మాట్లాడాలి. మా అమ్మాయిది ఆరో తరగతి. దానికిచ్చిన విషయం 'మా ఊరి కాలువలు'. మొత్తం నోటికి వచ్చు. స్నానాల గదిలో తలుపేసుకుని చెబితే తెనాలి సగానికి వినిపిస్తుంది. నా ఎదురుగా నిలబడి చెప్పమంటే మాత్రం మొదటి మాటే మింగేస్తుంది. కొన్నాళ్లుగా పొద్దున లేవగానే పొట్ట పట్టుకుంటోంది. ఇడ్లీ సగం తిని పళ్లెం పక్కకి జరుపుతోంది. నిరుడు ఒకసారి తరగతిలో చదవబోయి తడబడితే పిల్లలు నవ్వారట. అప్పటినుంచీ దానికి అదే భయం. మళ్లీ నవ్వుతారని.

నేను ఊరుకునే మనిషిని కాదు. ఫోనులో దొరికినవన్నీ చదివాను. పువ్వు వాసన చూసినట్టు గాలి పీల్చి, దీపం ఆర్పినట్టు వదలమన్నాను. అది నా మొహం చూసి నవ్వేసింది. "అమ్మా, నాకంటే నువ్వే ఎక్కువ పీలుస్తున్నావు" అంది. మా ఆయనా అదే అన్నారు: "దానికి పరీక్ష రెండు నిమిషాలు. నీకు మాత్రం వారం రోజుల్నుంచి నడుస్తోంది." టీచరుగారికి ఫోను చేసి ఈ ఒక్కసారికి పేరు తీసెయ్యమందామా అని సాయంత్రం నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

పడుకోబోతూ అడిగింది. "అమ్మా, నా అంత ఉన్నప్పుడు నీకు కూడా ఇట్లా కడుపునొప్పి వచ్చేదా?"

"వచ్చేది."

"ఎట్లా పోయింది?"

"పడుకో, రేపు చెబుతాను" అని దుప్పటి కప్పాను. అది నిద్రపోయాక కూర్చుని ఆలోచిస్తుంటే ముందు గుర్తొచ్చింది జవాబు కాదు, కాలిన మట్టి వాసన.

అప్పుడు మేం బాపట్లలో ఉండేవాళ్లం. నాన్న ఆఫీసులో గుమాస్తా. మా వీధి చివర సరుగుడు కట్టెల అడితి ఉండేది. ఆదివారం గుడి నుంచి వస్తుంటే ఆ కట్టె వాసనా, సముద్రం మీదినుంచి వచ్చే ఉప్పుగాలీ కలిసి ముక్కుకి తగిలేవి. ఆ ఊళ్లో నాకు అన్నీ ఇష్టమే, తెలుగు సారు పిరియడు తప్ప. సారు మంచివారే. కానీ పాఠం వరసగా ఒక్కొక్కరి చేత నిలబెట్టి చదివించేవారు. నా వంతు వచ్చేసరికి అక్షరాలు కనిపించేవి, గొంతు మాత్రం వచ్చేది కాదు. "గట్టిగా అమ్మాయ్, గోడకి కూడా వినపడాలి" అనేవారు సారు. తరగతంతా గొల్లుమనేది. మర్నాడు పొద్దున కడుపులో మెలిపెట్టేది. ఆ తర్వాత అది రోజూ వచ్చింది. కాలెండరు చూడకుండానే సెలవు రోజేదో నా కడుపుకి తెలిసేది.

మా అమ్మ నన్ను తెనాలి తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపించింది. బాపట్లలో అంతుపట్టని జబ్బేదైనా తెనాలి డాక్టరు చూడాల్సిందేనని మా ఇంట్లో నమ్మకం. ఆయన పొట్ట అంతా నొక్కి, నాలుక చూసి, "ఏమీ లేదమ్మా, బంగారంలా ఉంది" అన్నాడు. ఏమీ లేదని తెలిస్తే ఎవరైనా సంతోషిస్తారు. మా అమ్మ బెదిరిపోయింది. "ఏమీ లేకుండా రోజూ ఎట్టా వస్తదండీ?" అని ఆయన్నే నిలదీసింది. బయటికొచ్చాక బాదంపాలు తాగించింది, తను తాగలేదు. ఇంటికి తిరిగి వెళ్లే రైలు బదులు రేపల్లె రైలెక్కించింది. వాళ్లమ్మ దగ్గర కొన్నాళ్లుంచితే గాలి మారుతుందని.

రేపల్లెలో పట్టాలు అయిపోతాయి. అక్కడి దాకా వచ్చిన రైలు ఇంకెక్కడికీ పోలేక, వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. ఆ ఊరంటే నాకు అందుకే ధైర్యం. అంతకంటే ముందుకు ఎవరూ నన్ను పంపలేరు.

అమ్మమ్మ ఇల్లు ఊరి చివర. తాటాకు కప్పు తీసేసి కొత్తగా వేసిన సిమెంటు రేకులు, మట్టి వాకిలి, వాకిలి పక్కన ఇసక దిబ్బ. అమ్మమ్మ కూలికి వెళ్లి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి. ఒంటినిండా పని, నోటినిండా మాట. ఆవిడ నోటికి జడిసి మా తాతయ్య బతికున్నంతకాలం అరుగు మీదే ఎక్కువ కూర్చునేవాడని చెప్పుకునేవాళ్లు. నా కడుపునొప్పి సంగతి మా అమ్మ కళ్లనీళ్లతో చెబుతుంటే అమ్మమ్మ చాటలో బియ్యం చెరుగుతూనే విన్నది.

మా అమ్మ ఆ సాయంత్రం రైలుకే వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున నేను పొట్ట పట్టుకుని మంచం దిగలేదు.

"వచ్చిందా?" అంది అమ్మమ్మ, ఎవరో చుట్టాలు వచ్చినట్టు.

"వచ్చింది."

"రానీ. ఆ అరుగు మీద కూర్చోమను. మనకి పనుంది, తేగలు తవ్వాల. వస్తే అది కూడా వచ్చి గంప పట్టుకోవచ్చు."

నాకు నవ్వు రాబోయింది. నొప్పి ఉన్నప్పుడు నవ్వకూడదని ఆపుకున్నాను. కానీ మంచం దిగాను.

ఆ ఇసక దిబ్బే తేగల పాతర. వానాకాలంలో రాలిన తాటిపండ్లు తిన్నాక టెంకలన్నీ ఏరి ఇసకలో పరిచి కప్పేస్తారు. పైకి ఏమీ కనపడదు. టెంకలోంచి మొలక పైకి రాకుండా కిందికి దిగుతుంది. చలికాలానికి జానెడు పొడుగున ఊరి, కండపట్టి, తేగ అవుతుంది. పలుగు జాగ్రత్తగా దించాలి. ఆత్రపడితే నడిమికి విరిగిపోతుంది. టెంక కొడితే లోపల బుర్రగుంజు ఉంటుంది. తియ్యగా, తేలిగ్గా, నోట్లో వేసుకుంటే కరకరలాడుతూ కరిగిపోతుంది. మేం తవ్వినవాటిలో సగం బుర్రగుంజులు గంప దాకా రాలేదు. "దొంగముండా, నాకోటి ఉంచవే" అంటూ అమ్మమ్మ కూడా నాతో సమానంగా తినేది.

దిబ్బలో ఒక మూల తేగలు ఇంకా ఊరలేదు. అమ్మమ్మ వాటిని గుడిలో కోతపండక్కి ఉంచింది. నేను రోజూ మధ్యాహ్నం అమ్మమ్మ కునుకు తీస్తుంటే వేళ్లతో ఇసక తోడి, ఎంతయిందో చూసి మళ్లీ కప్పేసేదాన్ని. ఒకరోజు దొరికిపోయాను.

"ఏమే, వాటినట్టా పూటకోసారి తవ్వి చూస్తే ఎప్పటికి ఊరతయ్యే?"

"ఊరాయో లేదో చూశాను."

"అవి ఊరితే అవే చెప్తయ్. నువ్వు కాస్త వాటి మానాన వాటినొదిలెయ్."

తవ్విన తేగల్ని అమ్మమ్మ తంపటి వేసేది. కుండలో కుక్కి, మూతికి గడ్డి దోపి, బోర్లించి, పైన గడ్డీ పిడకలూ వేసి నిప్పు పెట్టేది. కాసేపటికి కాలిన మట్టి వాసన, దాని వెనకే తియ్యటి తేగ వాసన వీధంతా పాకేవి. పక్కింటి పిన్ని మిషను ఆపి గోడ మీదినుంచి తొంగి చూసేది. ఆ పిన్ని వాళ్లు ముస్లిములు. వసారాలో కుట్టుమిషను పెట్టుకుని వీధి మొత్తానికి జాకెట్లు, పరికిణీలు కుట్టేది. అందుకే నేను మిషను పిన్ని అనేదాన్ని. మేం ముగ్గురం గోడకి అటూ ఇటూ నిలబడి తేగల్ని చీల్చుకుని, లోపల చందమామ అనే లేత మొలకని తీసి ముందు తినేసేవాళ్లం. తర్వాత నారలు పళ్లలో ఇరుక్కుని, మాట్లాడలేక, ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం.

ఇంతలో కోతపండగ దగ్గరపడింది. నూర్పిళ్లు అయిపోయాక మా లూథరను గుడిలో జరిగే పండగ అది. ప్రతి ఇంటివాళ్లూ తమ చేతిలో పండినదేదో ఒకటి తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక బయట పందిట్లో అన్నిటినీ వేలం వేస్తారు. మా గుడిలో దానికొక పద్ధతుంది. ప్రతి ఇంటి వస్తువునీ ఆ ఇంటి పిల్లే ఎత్తుకుని పందిరంతా ఒక చుట్టు తిరిగి, అదేంటో, ఎవరింటిదో గట్టిగా చెప్పాలి. పిల్ల నోరు తెరిచాకే వేలం మొదలు. ఇంకో పద్ధతి, ఇచ్చిన ఇంటివాళ్లు తమ వస్తువుని తాము పాడకూడదు. దేవుడికిచ్చింది మళ్లీ చేత్తో ముట్టకూడదు.

"ఈ ఏడు మనింటి గంప నువ్వే ఎత్తాల" అంది అమ్మమ్మ.

నా కడుపులో చుట్టాలందరూ ఒక్కసారే దిగారు.

"నాకు గొంతు రాదు అమ్మమ్మా. అందరూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వుతారు. నవ్వితే ఊడేదేముంది, పళ్లు బయటపడతయ్, అంతేగా." అని ఊరుకుంది. మర్నాడు గోడ దగ్గర మిషను పిన్నితో గుసగుసలాడటం చూశాను.

ఆ సాయంత్రం నుంచి నాకొక పని పడింది. గోడకి ఇవతల ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని నిలబడి, "తేగలండీ! అమ్మమ్మ వాళ్ల దిబ్బలో తేగలండీ!" అనాలి. అవతల పిన్ని మిషను తొక్కుతూనే ఉంటుంది. వినపడితేనే ఆపుతుంది.

"తేగలండీ."

టకటకటక.

"తేగలండీ!"

టకటకటక. "ఏంటమ్మా, వినపడలా. చీమలేమన్నా మాట్లాడుకుంటన్నయ్యా?"

కోపం వచ్చి అరిచాను. మిషను ఆగింది. "అబ్బో, తేగలా! ముందే చెప్పొచ్చుగా" అని దారం తుంచింది పిన్ని. నాకు ఎంత గర్వమనిపించిందంటే, చీకటి పడేదాకా ఆ మిషనుని ఆపిస్తూనే ఉన్నాను. పాపం ఆ రోజు పిన్ని ఒక్క జాకెట్టు కూడా పూర్తి చేసి ఉండదు.

కానీ మిషను ముందు వచ్చిన గొంతు మనుషుల ముందు వస్తుందా?

పండగ రోజు పొద్దున మూలనున్న తేగలు తవ్వాం. బొటనవేలి లావున, తెల్లగా, నున్నగా ఉన్నాయి. అమ్మమ్మ వాటిని కడిగి గంపలో నిలువుగా పేర్చి, పైన మామిడాకులు కట్టింది. నాకు మిషను పిన్ని కుట్టిన పచ్చ పరికిణీ కట్టి, గుడికి వెళ్లే దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. వీళ్ల మేక ఈనిందని, వాళ్ల గోడ కూలిందని. నన్ను మాటల్లో పెడుతోందని అనుకున్నాను.

పందిట్లో ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ముసుగులేసుకున్న ఆడవాళ్లు. మధ్యలో కొత్త బియ్యం బస్తాలు, అరటి గెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అడవులదీవి నుంచి ఎవరో తెచ్చిన ఎండురొయ్యల బుట్ట, ఒక పళ్లెం నిండా గులాబీ పువ్వులు. కోళ్ల వాసన, రొయ్యల వాసన, వెనక వంటల దగ్గర కాగుతున్న మసాలా వాసన, అన్నీ కలిసి ఉన్నాయి. వేలం వేసేది మా చిన్నతాతయ్య, అమ్మమ్మ తమ్ముడు. రైల్వే గేటు దగ్గర పని. రైలు కూతని మించి అరవగలడని ఆయనకే వేలం పని ఇచ్చారేమో. గుమ్మడికాయ ఎత్తుకొచ్చిన పిల్లాడు కాయ బరువుకి కూలబడితే, "కాయతో పాటు పిల్లాణ్ణి కూడా వేలం వేస్తన్నామండీ, ఎవరిక్కావాల?" అన్నాడు. వాళ్లమ్మే ముందు నవ్వింది.

"తర్వాత, మా అక్క గంప!"

గంప నెత్తిన పెట్టుకుని నడిచాను. చుట్టు తిరిగాను. వచ్చి మధ్యలో నిలబడ్డాను. పందిరంతా నా వంక చూసింది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. మిషను చప్పుడు కూడా లేదు అక్కడ, దాన్ని మించి అరవడానికి. చిన్నతాతయ్య అరవకుండా ఆగాడు. ఎవరో దగ్గారు. ఒక కోడి కాళ్లు కొట్టుకుంది. గంప మీద మామిడాకులు గలగలలాడుతున్నాయి, గాలేమీ లేదు.

"వంద!"

అందరం అటు తిరిగాం. అమ్మమ్మ లేచి నిలబడి ఉంది. ముసుగు జారిపోయింది.

పందిట్లో ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చిన్నతాతయ్య రెండు చేతులూ నడుము మీద పెట్టుకున్నాడు.

"ఏంటక్కా! దేవుడికి ఇచ్చినట్టే ఇచ్చి, మళ్లీ ఎనక్కి లాక్కుంటన్నావా?"

పందిరి మొత్తం ఒక్కసారి గొల్లుమంది. పాస్టరుగారు రుమాలుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటించారు గానీ భుజాలు ఊగుతున్నాయి. "పిల్ల చెప్పకముందే కొనేసిందండీ, ఎంత ముద్దో తేగలంటే!" అంది ఒకావిడ. "బుర్రగుంజులు ముందే తినేసుంటది, తేగలన్నా మిగుల్చుకుందామని!" అంది ఇంకొకావిడ.

నేను అమ్మమ్మని చూస్తున్నాను. వీధి మొత్తానికి సమాధానం చెప్పగల అమ్మమ్మ నోరు తెరుచుకునే ఉంది, మాట రావడం లేదు. చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వంకే చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పాఠం చదవమన్నప్పుడు నేను కిటికీ వంక చూసే చూపు అది.

మా అమ్మమ్మ భయపడుతోంది. నా గురించి నాకంటే ఎక్కువ భయపడుతోంది!

ఆ మాట లోపల తెలియగానే నా భయం సంగతి మర్చిపోయాను. ఆవిణ్ణి ఎవరో ఒకరు ఆదుకోవాలిగా.

"తేగలండీ!" అని అరిచాను. "మా అమ్మమ్మ దిబ్బలో తేగలు! మేమిద్దరమే తవ్వాం! మా అమ్మమ్మ కంగారుపడి అంది, ఆవిడది లెక్కలోకి రాదు, ఇంకెవరన్నా అడగండి!"

మళ్లీ నవ్వులు. ఈసారి నేనూ నవ్వుతున్నాను. చిత్రంగా ఆ నవ్వు నన్నెక్కడా గుచ్చలేదు. అది నన్ను బయటికి నెట్టే నవ్వు కాదు, చాప మీద కొంచెం జరిగి చోటిచ్చే నవ్వు. "ఆవిడది లెక్కలోకి రాదంట, విన్నారుగా!" అని చిన్నతాతయ్య రెట్టించాడు. అమ్మమ్మని ఉడికించడానికే వేలం పైకి పైకి వెళ్లింది. చివరికి ఆ గంప పందిరి బయట వీధివాళ్లతో నిలబడి చూస్తున్న మిషను పిన్నికి దక్కింది. ఆ సాయంత్రమే గోడ మీద పెట్టి మాతోనే పంచుకు తింది. దేవుడికిచ్చింది ముట్టకూడదని అమ్మమ్మ కాసేపు బెట్టు చేసింది. "ఇప్పుడవి నావి. నేను పెడితే తింటావా తినవా?" అంది పిన్ని. అమ్మమ్మ తింది.

అది సాయంత్రం. అంతకుముందు, పందిట్లో అందరికీ పెట్టే ప్రేమవిందు దగ్గర ఇంకో సంగతి జరిగింది. విస్తరి ముందు కూర్చున్న అమ్మమ్మ కోడికూర ముట్టుకోలేదు. అన్నం కెలుకుతోంది.

"ఏంటి అమ్మమ్మా, తినవే?"

"కడుపులో ఎట్టనో ఉందే."

"వచ్చిందా?" అన్నాను. "రానీ. పక్కన కూర్చోమను. ముందు పెరుగన్నం తిను."

అమ్మమ్మ నన్ను చూసింది. చూసి, ముసుగు నోటికడ్డం పెట్టుకుని, ఎక్కిళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వు తగ్గాక చెప్పింది. "పొద్దుట్నించీ వణుకేనే నాకు. పిల్లని నిలబెడతన్నా, తప్పు చేస్తన్నానేమో, మీ అమ్మకి ఏం చెప్పాలో అని. దారెంబడి నోరు మూస్తే ఏడుస్తానని వాగతానే ఉన్నా." నన్ను మాటల్లో పెడుతోందనుకున్న ఆ మేకలూ గోడలూ తనకోసమే అన్నమాట. ఇద్దరం కలిసి ఒకే విస్తరిలో పెరుగన్నం తిన్నాం.

బాపట్ల తిరిగొచ్చాక అన్నీ మారిపోయాయని చెప్పను. తెలుగు సారు పిరియడులో నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. సారు వంక చూస్తే, ఆయన కూడా నన్నే ఆత్రంగా చూస్తున్నారు. ఈ పిల్ల ఈసారైనా చదువుతుందా లేదా అని. అంతకుముందు ఆ మొహం నాకు కోపంగా కనిపించేది. పాపం, ఆయనకీ కంగారే. చదివాను. గోడకి వినపడలేదు గానీ మూడో బెంచీ దాకా వినపడింది. కడుపునొప్పి ఆ తర్వాత కూడా వచ్చేది. వచ్చిపోతుండేది. దాన్ని డాక్టరుకి చూపించాల్సిన పని మళ్లీ పడలేదు.

అమ్మమ్మ పోయింది. ఆ ఇసక దిబ్బ మీద ఎవరిదో రెండంతస్తుల ఇల్లు లేచింది. మిషను పిన్ని పిల్లలు రెడీమేడ్ దుకాణం పెట్టుకున్నారు. మా గుడిలో కోతపండగ ఇప్పటికీ చేస్తారు, మైకులు, పెద్ద షామియానా. కానీ పొలాలున్న ఇళ్లు తగ్గాయి, కోళ్లున్న ఇళ్లు అసలే లేవు. డబ్బులు పెట్టిన కవర్లు ఇచ్చేస్తున్నారు. కవరు ఎత్తుకుని చుట్టు తిరిగి అరవమని ఏ పిల్లనీ ఎవరూ అడగరు. అంత పెద్ద నవ్వు మధ్యలో ఒక పిల్లని నిలబెట్టి, మళ్లీ అందరూ కలిసి పట్టుకునే చోటు ఒకటి అలా వెళ్లిపోయింది.

ఇన్నేళ్లూ అమ్మమ్మ నాకు ధైర్యం ఇచ్చిందనే అనుకుంటున్నాను. ఇచ్చిందే. కానీ ఇచ్చింది ధైర్యంగా కనిపించినప్పుడు కాదు. వంద అని అరిచి, నోట మాట రాక నిలబడిపోయినప్పుడు. నేనేమో వారం రోజుల నుంచి నా భయం మా అమ్మాయికి కనపడకుండా దాచడానికి దాని చేత గాలి పీల్పిస్తున్నాను.

టీచరుగారికి ఫోను చెయ్యను. రేపు వెళ్లి అది నన్ను సులువుగా వెతుక్కోగలిగే చోట కూర్చుంటాను. దాని వంతు దగ్గరపడేసరికి నాకు చెమటలు పడతాయి, తెలుసు. చున్నీ నలుపుతాను, పెదాలు కొరుక్కుంటాను, బహుశా దాని మాటలు దానికంటే ముందే నోట్లో అనేస్తాను. అననీ. అది చూడనీ. చూసి, మా అమ్మ మొహం చూడవే ఎట్లా ఉందో అని పక్కపిల్లతో అని నవ్వుకోనీ. నవ్వడానికి తెరిచిన నోట్లోంచి మా ఊరి కాలువలు వాటంతటవే వస్తాయి.